ఆకు తిప్పి చూడండి

మందారం మొగ్గ తొడిమ దగ్గర తెల్లగా పేరుకోవడం కనిపించగానే అందరూ అడిగేది ఒకటే: "ఏం మందు కొట్టాలండీ?" మందు మాట తర్వాత చూసుకుందాం నాయనా. ముందు ఆ కొమ్మ వంచి, ఆకు తిప్పి, కింది పక్క చూడండి. పెరట్లో మొక్కయినా, మిద్దె మీద కుండీలో మొక్కయినా దానికొచ్చే తిప్పల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. ఎండ సూటిగా తగలని చోటు, వాన చినుకు కొట్టని చోటు, ఈనెలు ఉబ్బి తొండం దించడానికి వీలుగా ఉండే చోటు అది. పురుగు కాపురం పెట్టేది అక్కడ. మనమేమో నిలబడి పైనుంచి చూస్తాం, పైనుంచే మందు చల్లుతాం. కిందున్న పురుగుకు చుక్క కూడా తగలదు.

మందారం మీద తెల్లగా కనిపించేది పిండినల్లి. ఒక అగ్గిపుల్ల తీసుకుని ఆ తెలుపును మెల్లగా పక్కకు జరపండి. లోపల మెత్తటి, కోలగా ఉన్న చిన్న ఒళ్లు బయటపడుతుంది. జాతిని బట్టి పసుపుగానో, లేత గులాబీగానో ఉంటుంది. పుల్ల తగిలితే మహా అయితే కాస్త కదులుతుంది, పారిపోదు. ఆ తెలుపంతా అది తన ఒంటి నుంచి స్రవించుకున్న మైనం. వెనకవైపు అంటుకుని ఉన్న దూది సంచిని చీల్చి చూస్తే పొడిపొడిగా గుడ్లు, వందల్లో. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఒంటి మీద మైనం ఉండదు. కంటికి ఆనీ ఆనకుండా, చురుగ్గా పాకుతూ లేత చోటు వెతుక్కుంటుంది. గాలి, చీమలు, మన చేతులు, చివరికి చీర కొంగు కూడా దాన్ని పక్క మొక్కకు చేరవేస్తాయి.

ఈ రెండు సంగతులు తెలిస్తే వైద్యం సగం తెలిసినట్టే. ముదురు పురుగు మీద నీళ్ల మందు నిలవదు, మైనం మీంచి జారిపోతుంది. కాబట్టి మైనాన్ని చెదరగొట్టేది కావాలి. పిల్ల పురుగు సులువుగానే చస్తుంది, కానీ గుడ్లన్నీ ఒకేసారి పగలవు. ఒకసారి చల్లి చేతులు దులుపుకుంటే వారం తిరక్కుండానే మళ్లీ తెల్లబడుతుంది. అందుకే సబ్బు నీళ్లు, అదీ వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు. లీటరు నీటికి 5 గ్రాముల మామూలు సబ్బు తురిమి కరిగించండి. బట్టల పౌడరు మాత్రం వద్దు, అది ఆకును కూడా కాలుస్తుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు మైనంలోకి చొరబడి పురుగు ఒంటి పొరను చెడగొడతాయి, లోపలి తడి ఆరిపోయి అది చనిపోతుంది. సబ్బు నీళ్లు ఎండిపోయాక ఏమీ చేయవు, కాబట్టి పురుగుకు తగిలేలా ఆకు అడుగున, కొమ్మల సందుల్లో, తొడిమల మెడల్లో పట్టించాలి. సాయంత్రం పూట, ముందుగా ఒక్క కొమ్మ మీద చల్లి, మర్నాడు ఆకు మాడకపోతే మొక్కంతా చల్లండి. బాగా ముసిరిన కొసలుంటే వాటి మీద మందు ఖర్చు పెట్టక్కర్లేదు. కత్తిరించి, కవర్లో వేసి మూతి బిగించి ఎండలో పడేస్తే చాలు.

ఇక చీమల సంగతి. పిండినల్లి ఉన్న మొక్క కాండం మీద కాసేపు కళ్లు పెట్టండి. చీమలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, మెత్తటి పొలుసు పురుగు, ఇవన్నీ మొక్క తయారు చేసుకున్న చక్కెర రసం పారే నాళాల్లోకే తొండం దించుతాయి. ఆ రసంలో తీపి దండిగా ఉంటుంది గానీ ఒళ్లు పెరగడానికి కావలసిన మాంసకృత్తుల సరుకు చాలా తక్కువ. గిన్నెడు పాయసంలో ఒక్కటే జీడిపప్పు ఉంటే, జీడిపప్పు కోసమే గిన్నెలకు గిన్నెలు తాగాల్సి వచ్చిన మనిషి పరిస్థితి దానిది. తాగిన తీపిలో మిగులంతా వెనకనుంచి జిగురు చుక్కలుగా వదిలేస్తుంది. చీమలు వచ్చేది ఆ చుక్కల కోసం. ఊరికే తాగి పోవు. ఆ పురుగుల్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని కరిచి తరిమేస్తాయి, పిల్లల్ని కొత్త కొమ్మలకు మోసుకుపోతాయి. చీమల దారి కడితే చాలు, మిగతా పని శత్రు పురుగులే చాలావరకు చేసిపెడతాయి. కాండం చుట్టూ వెడల్పాటి టేపు బిగించి, ఆ టేపు మీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకూడదు. గోడకో, పక్క మొక్కకో ఆనుకున్న కొమ్మ ఉంటే కొట్టేయండి, లేకపోతే చీమలు ఆ వంతెన మీంచి వస్తాయి.

చీమలు తాగగా మిగిలిన జిగురు కింది ఆకుల మీద పడుతుంది. దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. అదే మసి తెగులు. దాన్ని చూసి తెగుళ్ల మందు కొనుక్కొచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తడి గుడ్డతో తుడవండి, మసి మొత్తం గుడ్డకు వచ్చేస్తుంది, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. ఆ బూజు ఆకును తినడం లేదు, ఆకు మీద పడ్డ తీపిని తింటోంది. ఆకుకు ఎండ అందకుండా అడ్డుపడటమే దాని వల్ల నష్టం. కాబట్టి నల్లబడ్డ ఆకు కనిపిస్తే సరిగ్గా దాని పై కొమ్మకు పోయి, అక్కడి ఆకు తిప్పండి. దోషి అక్కడుంటుంది.

పిండినల్లి గుంపులో కొన్నిసార్లు మిగతావాటికంటే పెద్దగా, తెల్లటి మైనపు పోగులతో చకచకా నడిచేది ఒకటి కనిపిస్తుంది. దయచేసి దాన్ని నలిపేయకండి. పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల అది, క్రిప్టోలీమస్ అంటారు. వేషం అచ్చం పిండినల్లిదే కావడంతో చీమలు కూడా మోసపోతాయి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ పురుగును ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన 1891లో కాలిఫోర్నియాకు పంపాడు. 1898లో మన దేశానికీ తెచ్చారు. గుర్తుపట్టడం సులువే: పిండినల్లి కదలీ కదలనట్టు ఉంటుంది, ఇది పరుగెడుతుంది.

ఈ పురుగుల మీద పురుగుల్ని ప్రయోగించే విద్యకు మన దగ్గరే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి తోటల్లో కొత్త రకం పిండినల్లి కనబడింది. మెక్సికో ప్రాంతానిది. ఇక్కడ దానికి శత్రువు లేదు. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందారం, దేన్నీ వదల్లేదు. మందులు కొట్టీ కొట్టీ రైతులు అలిసిపోయారు. 2010లో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటకాల సంస్థవాళ్లు ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించారు. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలినుంచి తినేస్తుంది. వదిలిన చోటల్లా కొద్ది నెలల్లోనే బొప్పాయి తేరుకుంది. ఇప్పుడు మీ పెరటి బొప్పాయి మీద పిండినల్లి కనబడితే, ఘాటైన మందు కొట్టే ముందు ఆ చిన్న కందిరీగ కూడా అక్కడే ఉందేమోనని ఆలోచించండి.

మనకు బాగా తెలిసిన వేప కూడా ఇలా గమనించడం వల్లే శాస్త్రజ్ఞుల కంట పడింది. 1959లో సూడాన్‌లో మిడతల దండు పడి పచ్చనిదంతా మేసేసింది. వేపచెట్ల మీద వాలిన మిడతలు మాత్రం ఆకు ముట్టకుండా లేచిపోవడం హైన్రిష్ ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త చూశాడు. ఆ చేదులోని అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని 1968లో ఇంగ్లండులో వేరు చేశారు. అది పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడవడానికి కావలసిన హార్మోనును కలగాపులగం చేస్తుంది. అందుకే వేపనూనె కొట్టిన మర్నాడే పురుగులు చచ్చి పడి ఉంటాయని ఎదురుచూడకండి. అవి తినడం మానేస్తాయి, తర్వాతి కుబుసం దగ్గర ఆగిపోతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు. ఎండకు దాని సత్తా త్వరగా పోతుంది కాబట్టి పొద్దు వాలాకే చల్లాలి.

హైదరాబాదులో ఉండే మా మనవరాలు ఫ్లాటు బాల్కనీలో మొక్కలు పెంచుతోంది. ఒకరోజు ఫోను చేసి, "తాతయ్యా, కరివేపాకు ఆకులన్నీ పసుపుపచ్చగా అయిపోతున్నాయి, ఏ ఎరువు వేయను?" అంది. "పై ఆకులా, కింది ఆకులా తల్లీ?" అన్నాను. "ఏవైతే ఏంటి తాతయ్యా!" అంది. అక్కడే ఉంది కీలకం. నత్రజని, మెగ్నీషియం మొక్క లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలగలవు. కరువొస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి వాటిని వెనక్కి లాక్కుని చిగుళ్లకు పంపిస్తుంది. అప్పుడు కింది ఆకులు పసుపుబారతాయి. ఇనుము అలా కదలదు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉండిపోతుంది. అది తక్కువైతే కొత్త చిగుళ్లే పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు మిగులుతాయి. ఆమె పంపిన ఫొటోలో ఉన్నది సరిగ్గా అదే. మట్టిలో ఇనుము లేక కాదు. వాళ్ల అపార్ట్‌మెంటుకు వచ్చేవి బోరు నీళ్లు. వాటిలోని బైకార్బనేట్ల వల్ల మట్టి క్షారగుణంలోకి పోతుంది, ఉన్న ఇనుము వేళ్లకు అందకుండా గడ్డకట్టుకుపోతుంది. అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటిలో కలిపి వారం వారం రెండు మూడు సార్లు ఆకుల మీద చల్లమన్నాను. ఆకు నేరుగా పీల్చుకుంటుంది. కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆ పులుపు మట్టిని కాస్తంత మంచి దిశకే నెడుతుంది, పల్చగా చేసి అప్పుడప్పుడు పోస్తే నష్టం లేదు. కానీ రోజూ బిందెడు బోరు నీళ్లు పోస్తూ వారానికో గ్లాసు మజ్జిగ పోస్తే ఆ నీళ్ల క్షారమే గెలుస్తుంది. వాన నీళ్లు పట్టుకుని పోయడం మేలు.

కింది ఆకులు పసుపుబారి, మట్టి తడిగానే ఉన్నా మొక్క వాలిపోతుంటే మాత్రం ఎరువు, మందు రెండూ పక్కన పెట్టండి. వేళ్లకు ఊపిరాడటం లేదు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లు నిండితే వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు కాబట్టి పైన మొక్క దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది, మనం ఇంకో చెంబు పోస్తాం. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్లొద్దు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో ఓ పుల్లతో పొడిచి చూడండి.

కరివేపాకు, నిమ్మ, మారేడు, వెలగ ఒకే కుటుంబం. అందుకే ఒక గొంగళి అన్నింటినీ తింటుంది. చిన్నప్పుడు గోధుమరంగులో తెల్ల మచ్చతో, ఆకు పైన పిట్ట రెట్ట పడిందని పొరబడేలా ఉంటుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనకనుంచి నారింజ రంగు చీలిన కొమ్ము బయటకు తోసి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలకు చూపించండి, ఎంత సంబరపడతారో! నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. పోపులో వేసుకునే ఆకు మీద మందు కొట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పొద్దున్నే చేత్తో ఏరేస్తే సరిపోతుంది. మొక్క పెద్దదైతే రెండు మూడింటిని వాటి మానాన వదిలేసినా దానికేం కాదు.

మిరప ముడతల విషయంలో మన రైతుల పరిశీలనకు దండం పెట్టాలి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, కిందికి ముడుచుకుంటే కింది ముడత. పై ముడత తామర పురుగుల పని. కింది ముడతకు కారణం తెల్లనల్లి, ఆ ఆకుకు కాడ కూడా సాగినట్టు పొడుగవుతుంది. ఈ తేడా తెలియకపోతే డబ్బు దండగ. తెల్లనల్లి పిండినల్లి లాంటిది కాదు, దానికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు జాతి, పురుగు కాదు. పురుగుల మందుల్లో చాలావాటికి అది లొంగదు, పైగా దాన్ని తినేవి చచ్చిపోయి ఇంకా పెరుగుతుంది. దానికి గంధకం కావాలి: నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. మండే ఎండల్లో గంధకం ఆకును కాల్చేస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా వాడకూడదు. తామర పురుగును చూడాలంటే ఓ తెల్ల కాగితం కింద పట్టి పువ్వును దాని మీద దులపండి, సన్నటి గీతల్లాంటివి పాకుతాయి. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ముంచేసిన నల్ల తామర పురుగు పూలలోనే ఎక్కువగా దాక్కునేది. ఇక ఆకు చిన్నదైపోయి, మొక్క గిడసబారి, గుత్తిగా ముడుచుకుపోతే అది తెల్లదోమ తెచ్చిన వైరసు. దానికి మందు లేదు. మొక్కను పీకేసి పక్క మొక్కల్ని కాపాడుకోవడమే.

బూడిద తెగులు చలికాలం రాగానే గులాబీ చిగుళ్ల మీద, గుమ్మడి, దోస పాదుల మీద తెల్లగా కమ్ముతుంది. మిగతా బూజు తెగుళ్లకు ఆకు తడిగా ఉండాలి, దీనికి అక్కర్లేదు. ఇది ఆకు పైపైనే అల్లుకుంటుంది. అందుకే పాలతో కూడా తగ్గుతుంది! బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ 1999లో గుమ్మడి జాతి మొక్కల మీద ఇది రుజువు చేశాడు. తొమ్మిది వంతుల నీటికి ఒక వంతు పాలు కలిపి, ఎండ ఉన్నప్పుడు వారానికోసారి చల్లాలి. గులాబీ ఆకు మీద అంచులు చీలిన నల్ల మచ్చలు వేరే జబ్బు, దానికి ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉండాలి. సాయంత్రం పైపుతో మొక్క తల మీంచి తడిపేవాళ్ల గులాబీలకు అది తప్పదు. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లో పోయండి.

నిమ్మ ఆకు మీద వెండి గీతలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి, పాముపొడ పురుగు ఆకు పొరల మధ్య తవ్విన సొరంగాలు అవి. ఆకు కురూపి అవుతుంది తప్ప చెట్టు చావదు. అసలు నష్టం ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు బ్యాక్టీరియా దూరడం వల్ల. వాన చినుకులతో అది చెట్టంతా చిందుతుంది. దీనికి పాత మందే మంచి మందు, బోర్డో మిశ్రమం. దాని పుట్టుక ఒక ముచ్చట. ఫ్రాన్సులో బోర్డో దగ్గర ద్రాక్ష తోటలవాళ్లు, దారినపోయేవాళ్లు కాయలు తెంపకుండా రోడ్డు పక్క వరసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా చల్లేవాళ్లు. 1882లో తోటలన్నీ బూజు తెగులుతో ఆకు రాలుస్తుంటే, రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా ఉండటం మిలార్డే అనే వృక్ష శాస్త్రవేత్త గమనించాడు. పరీక్షలు చేసి 1885లో ప్రకటించాడు.

ఈ మిశ్రమాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. 10 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 10 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో కలిపి వడగట్టి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోస్తూ తిప్పాలి. ప్లాస్టిక్ పాత్రే వాడండి, ఇనుముది వద్దు. తర్వాత శుభ్రమైన ఇనుప మేకును ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి పూత వస్తే రాగి ఇంకా విడిగా ఉందన్నమాట. ఇనుము నీళ్లలోకి కరిగి రాగిని బయటికి నెట్టింది. అలా ఉన్నదాన్ని చల్లితే ఆకు మాడుతుంది, కాబట్టి మేకు మెరుపు తగ్గకుండా బయటికొచ్చేదాకా సున్నపు నీళ్లు పోస్తూ పోవాలి. చేసిన రోజే వాడేయాలి.

ఇప్పుడు కత్తెర. చాలామందికి కొమ్మ కొయ్యాలంటే చెయ్యి రాదు, కొందరికి చెయ్యి ఆగదు. రెండూ మొక్కకు కష్టమే. కొస మొగ్గ ఏం చేస్తుందో తెలిస్తే భయం పోతుంది. చార్లెస్ డార్విన్, కొడుకు ఫ్రాన్సిస్ కలిసి 1880లో, గడ్డి మొలక కొసను కప్పేస్తే అది వెలుగువైపు వంగదని చూపించారు. కొసలోంచి ఏదో కబురు కిందికి వెళ్తోందన్నమాట. 1928లో డచ్చి యువకుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ ముక్కల మీద నిలబెట్టి, ఆ రసాయనాన్ని ముక్కల్లోకి దింపాడు. అదే ఆక్సిన్. 1933లో థిమన్, స్కూగ్ చిక్కుడు జాతి మొక్క తల తుంచి, తుంచిన చోట ఆక్సిన్ పెడితే పక్క మొగ్గలు నిద్ర లేవలేదని చూపారు. కొస ఉన్నంతకాలం అది పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. చక్కెర కూడా ఎక్కువగా తనవైపే లాక్కుంటుంది. కొస తెగగానే ఆ చక్కెర పక్క మొగ్గలకు మళ్లుతుంది. బఠానీ మొక్కల మీద 2014లో వచ్చిన పరిశోధన, మొగ్గలు లేవడానికి ఇదే మొదటి పిలుపు అని తేల్చింది.

కాబట్టి కరివేపాకు ఒక్క కర్రగా పైకి పోతుంటే, రెబ్బలు ఒక్కొక్కటీ దూసుకోవడం మానేసి కొసనే కత్తిరించండి. రెండు మూడు కొమ్మలు వేస్తుంది. వాటి కొసలూ కత్తిరిస్తే గుబురవుతుంది. మందారం, కాగితపు పూలు కొత్త కొమ్మ మీదే పూస్తాయి కాబట్టి ధైర్యంగా కొయ్యవచ్చు. మల్లెను నవంబరు ఆఖరు, డిసెంబరులో నీళ్లు తగ్గించి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి ఆకు దూసేయండి. ఎండాకాలం బుట్టలకు బుట్టలు పూస్తుంది. గులాబీకి వానలు వెనకబట్టాక అక్టోబరు మంచిది. అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచే పిలకను మాత్రం ఏ నెలలో కనబడినా మొదలంటా తీసేయాలి. అది మీరు కొన్న గులాబీ కాదు, కింది అడవి వేరు మొక్కది. ఊరుకుంటే అదే మొక్కంతా ఆక్రమిస్తుంది.

జామ, మామిడి దగ్గర జాగ్రత్త. జామ ఆ ఏటి కొత్త కొమ్మ మీద పూస్తుంది, కోస్తే కొత్త కొమ్మ, దాని మీద పూత. మామిడి పూసేది ముందే పుట్టి ముదిరిన రెమ్మల కొసన. కాయలు దింపిన వెంటనే, జూన్, జూలైల్లో కోస్తే కొత్త రెమ్మలు చలికాలానికి ముదురుతాయి. నవంబరులో అందంగా ఉందని చుట్టూ కత్తిరిస్తే రాబోయే పూతనే కోసి పారేసినట్టు.

లావు కొమ్మ ఎక్కడ కొయ్యాలి? మానుకు కొమ్మ పుట్టే చోట ఉబ్బెత్తుగా, ముడతలు పడ్డ ఉంగరం కనబడుతుంది. చేత్తో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. కోత ఆ ఉంగరానికి సరిగ్గా బయట పడాలి. మానుకు నున్నగా ఆనించి కొయ్యకూడదు, గూటం మిగల్చనూ కూడదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేలాది చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి, చెట్టుకు గాయం మానదని చెప్పాడు. మన చర్మం పాత కణాల స్థానంలో కొత్తవి నింపుకుంటుంది. చెట్టు అలా కాదు, చెడిన భాగం చుట్టూ రసాయనాలతో గోడలు కట్టి, దాన్ని లోపలే బంధించి, పైనుంచి కొత్త కర్ర కప్పుకుంటుంది. ఆ ఉంగరంలో ఉన్న కణజాలమే ఆ గోడల్లో గట్టిదాన్ని కడుతుంది. దాన్ని కోసేస్తే కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. 1977లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత ప్రపంచమంతా కోసే పద్ధతి మారింది. గాయాలకు తారు, రంగు పూస్తే కుళ్లు ఆగదని కూడా ఆయనే చూపాడు. వానాకాలంలో నిమ్మ, దానిమ్మ, మామిడి కోతలకు మన దగ్గర బోర్డో పేస్టు పూయమంటారు: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. తెగులు బీజాలు గాలిలో, వానలో తిరిగే రోజుల్లో అది ఆ కోతకు కాపలా. కొమ్మ బరువుగా ఉంటే ముందు ఉంగరానికి జానెడు దూరంలో కిందినుంచి కాస్త కొయ్యండి, తర్వాత ఇంకొంచెం అవతల పైనుంచి కోసి బరువు దింపి, చివరికి మిగిలిన గూటం తీయండి. లేకపోతే కొమ్మ విరిగి బెరడు మాను పొడవునా చీలుస్తుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేటప్పుడు కత్తెర నోరు స్పిరిట్‌తో తుడవండి. దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు కత్తెర మీదే తోట దాటుతుంది.

కొన్నిసార్లు కత్తెరే మందు. వంగ మొక్క ఒక్క కొస పట్టపగలు తల వాల్చి, మిగతాది నిటారుగా ఉంటే నీళ్లు పోయకండి. ఆ కొసను రెండంగుళాలు కిందికి కోసి, బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల లేత గులాబీ రంగు పురుగు, దాని వెనక రెట్ట. ఇదే తర్వాత కాయలోకి దూరేది. వారానికి రెండుసార్లు అలా వాలిన కొసలు కోసి నాశనం చేసే ఇంట్లో పుచ్చు వంకాయలు చాలా తగ్గుతాయి.

జామకాయలో పురుగులు పండు ఈగవి. అది లేత తొక్క కింద గుడ్లు పెడుతుంది. కాయ రాలాక పురుగు మట్టిలోకి దిగి గూడు కడుతుంది, మళ్లీ ఈగగా లేస్తుంది. మగ ఈగలు సిట్రొనెల్లా నూనె వాసనకు గుమిగూడటాన్ని బీహారులోని పూసాలో పనిచేసిన హౌలెట్ 1912లో రాశాడు, తర్వాత మిథైల్ యూజినాల్ వాటికి ఇంకా బలమైన ఎర అని తేలింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఎర బుట్టలు ఆ సంతతివే. అవి పట్టేది మగవాటినే, పక్కింటి తోటలో కలిసి వచ్చిన ఆడ ఈగ మీ జామ మీద గుడ్లు పెట్టనే పెడుతుంది. కాబట్టి కాయ నిమ్మకాయంత అయ్యేసరికి కాగితపు సంచి తొడగండి. వానాకాలం కాపులో ఈ బెడద ఎక్కువ, చలికాలం కాపుకు చాలా తక్కువ. రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరండి. కంపోస్టు గుంటలో వేయకండి, అక్కడ అవి హాయిగా పెరుగుతాయి. నల్ల పాలిథిన్ కవర్లో వేసి మూతి బిగించి, మిద్దె మీద ఎండలో వారం పది రోజులు ఉంచితే లోపలి పురుగులు ఆ వేడికే చస్తాయి. ఆ తర్వాత మట్టిలో కలిపేసుకోవచ్చు.